విగ్రహం ఎత్తెంత? గీత, రూపం, రంగు, కొలతల గురించి

అంబేద్కర్ విగ్రహం పెట్టాలనుకున్న ప్రతి వాడలోనూ కొన్ని చర్చలు తప్పకుండా జరుగుతాయి. స్థలం ఎవరిది, పంచాయతీ ఒప్పుకుంటుందా, చందాలెంత, ఆవిష్కరణ ఎవరిచేత చేయించాలి, శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలి. ఈ చివరిదాని మీద రాత్రుళ్లు తెల్లారిపోతాయి. విగ్రహం ఎట్లా ఉండాలన్నది మాత్రం చర్చకు రాదు. అచ్చులు పోసే దుకాణానికి పోయి, ఉన్నవాటిల్లో ఒకటి ఎంచుకొని, బేరమాడి, ట్రాక్టర్లో గడ్డిపరిచి పడుకోబెట్టుకొని తెచ్చుకుంటాం. బొమ్మ సంగతి బొమ్మ చేసేవాడికి తెలుసులే అనుకుంటాం.

విద్యార్థి సంఘాల తరగతులకు పోయినప్పుడు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పోస్టరు ఎట్ల ఏస్తే జనం ఆగి చూస్తరు?" మొదట్లో మాకు జవాబు తెలియలేదు. కవిత్వం గురించి, కథ గురించి మనకు ఎంతో కొంత విమర్శ ఉంది. చూసేదాని గురించి లేదు. గీత, రూపం, రంగు, ఖాళీ, గరుకు, నునుపు – వీటిని దృశ్యకళకు మూలకాలు అంటారు. సమతూకం, ప్రాధాన్యం, లయ, కొలత, ఐక్యత – వీటిని సూత్రాలు అంటారు. తోలూ దారమూ మూలకాలైతే, కుట్టే తీరు సూత్రం. ఇంతకన్నా పెద్ద రహస్యమేమీ లేదు. కాని ఈ మాటలు లలితకళల కళాశాల గోడల మధ్యే తిరుగుతున్నందువల్ల మనవి కాదనుకుంటున్నాం. అవి మనవేనని, పైగా వాటిలో కులం పనిచేస్తుందని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఈ జాబితా ఎక్కణ్ణుంచి వచ్చిందో క్లుప్తంగా చూద్దాం. మన దేశంలో పండితులు చెప్పేది చిత్రకళకు ఆరు అంగాలని. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. 13వ శతాబ్దంలో యశోధరుడు కామసూత్రాలకు రాసిన వ్యాఖ్యానంలో ఇవి ఉన్నాయి. అంటే తీరికా డబ్బూ ఉన్న నగర పురుషుడు నేర్చుకోవాల్సిన విద్యల్లో బొమ్మలు వెయ్యడం ఒకటి. ఇప్పుడు డిజైన్ బడుల్లో పాఠంగా చెప్పేది ఇది కాదు. దాన్ని రూపుకట్టిన చోట్లలో ముఖ్యమైనది 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ అనే బడి. అక్కడ పాఠాలు చెప్పిన కాండిన్‌స్కీ బిందువు, గీత, తలం గురించి 1926లో ఒక పుస్తకమే రాశాడు. ఆ బడిలో కుండలు చేసేచోటు, బట్ట నేసేచోటు, లోహం పనిచేసేచోటు ఉండేవి. తొలి ఏళ్లలో ఒక్కో పనికి ఇద్దరు గురువులు. ఒకరు చిత్రకారుడు, ఇంకొకరు ఆ పని చేతిలో ఉన్న వృత్తిమనిషి. మన దేశానికి ఆ పాఠం వచ్చింది. రెండో గురువు మాత్రం బడి గేటు బయటే ఆగిపోయాడు. కుండ బొమ్మ వేయించారు గాని కుమ్మరిని పిలిచి కుర్చీ వెయ్యలేదు.

మేం చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టినవాళ్లం. గీత అంటే ఏందో మాకు మొదట చెప్పింది మా నాయిన, ఆయన చెప్పినట్టు ఆయనకూ తెలియదు. దొరకు చెప్పులు కావాలంటే కొలత తీసుకోవాలి. కాలు ముట్టుకోగూడదు. అందుకని దొర వాకిట్లో దుమ్ములో పాదం ఆన్చి పక్కకు జరిగేవాడు. నాయిన ఆ అచ్చు పక్కన గొంతుక్కూర్చొని పుల్లతో కొలిచేవాడు. మడమ నుంచి బొటనవేలి కొసకు ఒక గాటు, వేళ్ల దగ్గర వెడల్పుకు ఒక గాటు, మడమ వెడల్పుకు ఒక గాటు. ఇంటికొచ్చి ఆ మూడు గాట్లతో తోలు మీద బొగ్గుతో పాదం గీసేవాడు. దొర కాలు దిగినట్టే వచ్చేది. కాలు ముడితే మైల, ఆ చేతులు కుట్టిన చెప్పులో రోజంతా కాలు పెట్టుకు తిరిగితే మైల కాదు. ఈ సంగతి మీద ఆయన ఎన్నడూ వ్యాఖ్యానించగా మేం వినలేదు.

లోకంలో గీతలు లేవు. రెండు వస్తువులు, రెండు రంగులు, వెలుగూ నీడా కలిసేచోటును మన కన్ను గీతగా పట్టుకుంటుంది. పాదం చుట్టూ గీత లేదు, దుమ్ము ఆగి అచ్చు మొదలయ్యే అంచు ఉంది. ఆ అంచు చుట్టూ తిరిగొచ్చి మూసుకుంటే రూపం అవుతుంది. గీతకు దిక్కుంటుంది. నిలువు గీత స్థిరంగా ఉంటుంది, అడ్డగీత పడుకున్నట్టుంటుంది, ఏటవాలు గీత కదులుతున్నట్టుంటుంది. ఇప్పుడు బాబాసాహెబ్ విగ్రహాన్ని చూడండి. ఒళ్లంతా నిలువు గీత. కోటు అంచు, ప్యాంటు మడత, టై అన్నీ కిందికి దిగే గీతలే. వాటన్నిటినీ కోసుకుంటూ ముందుకు లేచిన చెయ్యి ఒక్కటే ఏటవాలు. 1967లో పార్లమెంటు ఆవరణలో పెట్టిన, శిల్పి బి.వి. వాఘ్ చేసిన కంచు విగ్రహంలో ఈ తీరుంది. ఊళ్లల్లో మనకు కనపడే సిమెంటు విగ్రహాల్లో ఎక్కువ భాగం ఇదే తీరువి. ఆ గీత వేలికొసన ఆగిపోదు. చూసేవాడి చూపు వేలు దాటి అదే దిక్కున పోతుంది. కాబట్టి వేలు ఎటుందన్నది విగ్రహంలో సగం పని. ఊరివైపా, బడివైపా, పొలాలవైపా? గోడకు ఎదురుగా పెట్టిన విగ్రహాలను మేం చూశాం. చూపు పోయి గోడకు తగిలి వెనక్కి వస్తుంది.

రూపం విషయానికొస్తే, ఆ కోటూ బూట్లూ వేషం కోసం కాదు. చెప్పులేసుకొని ఊళ్లోంచి నడవడానికి, మోకాళ్ల కిందికి ధోవతి కట్టడానికి వీల్లేదన్న కులాల నుంచి వచ్చిన మనిషి ఆయన. భుజాల దగ్గర మూలలు తేరిన ఆ కోటు రూపాన్ని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. మొహం కనపడనంత దూరం నుంచి కూడా చిన్నపిల్లలు "అంబేద్కర్ తాత" అంటారు. నీడను బట్టే మనిషి తెలియడమే మంచి రూపానికి గుర్తు.

ఖాళీ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. బొమ్మ వేసేవాడు బొమ్మను చూస్తాడు, తోలు కోసేవాడు బొమ్మ చుట్టూ మిగిలేదాన్ని చూస్తాడు. ఒక తోలులో ఎన్ని జతలు దిగుతాయన్నది కుడి అట్టనూ ఎడమ అట్టనూ మడమ పక్కకు వేళ్లు వచ్చేట్టు ఎట్లా ఇరికిస్తాం అన్నదాని మీద ఉంటుంది. మధ్యలో మిగిలిన వంకరముక్క ఉంగటానికో, వారుకో పనికి రావాలి. వీపు తోలు గట్టిది, అడుగుకు పోతుంది. పొట్ట తోలు సాగుతుంది, అది పైకి. కన్ను చెప్పనిదాన్ని బొటనవేలితో నొక్కి తెలుసుకుంటారు. దీన్నే పుస్తకాల్లో ఒకచోట ఖాళీ స్థలమనీ, ఇంకోచోట ఉపరితల గుణమనీ రెండు అధ్యాయాలుగా రాస్తారు. లంద దగ్గర అవి రెండూ ఒకే చేతిలో ఉండేవి.

సమాజంలో కూడా ఖాళీని ఎవరో గీస్తారు. ఊరికీ వాడకీ మధ్య వదిలిన జాగా ఎవరో కొలిచి వదిలిందే. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు విద్యార్థులు ఆరుబయట ఒక చోటు కట్టుకున్నారు. దానికి వెలివాడ అని పేరు పెట్టారు. అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి ఫ్లెక్సీలే దానికి గోడలు. రోహిత్ వేముల అంబేద్కర్ పటం పట్టుకొని హాస్టల్ నుంచి బయటకు నడుస్తున్న ఫోటో మనందరికీ గుర్తే. గోడ మీద వేలాడాల్సిన పటం అక్కడ తనే గోడ అయింది. ఆవరణ నడిమధ్యలో, అందరూ నడిచేచోట, వెలి అన్న ఖాళీని కనిపించే రూపంగా మార్చారు. దృశ్యకళ తెలిసినవాళ్లు చేసే పని అది. వాళ్లలో చిత్రకళ చదివినవాళ్లు లేరు.

రంగు దగ్గరకు వద్దాం. రంగుకు మూడు గుణాలు. అది ఎరుపా నీలమా అన్నది ఒకటి, లేతా ముదురా అన్నది రెండోది, మెరుస్తుందా మందంగా ఉందా అన్నది మూడోది. పక్కన ఏ రంగుందో దాన్ని బట్టి ఒకే రంగు వేరేగా కనిపిస్తుంది. మనం బాగా ఎరిగిన అంబేద్కర్ ఫోటోలు నలుపు తెలుపువి. ఆ కోటుకు నీలం వేసింది తర్వాతివాళ్లు. 1942లో ఏర్పడిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా నీలం, తర్వాత రిపబ్లికన్ పార్టీదీ నీలమే. అక్కణ్ణుంచి అది ఒంటి మీదికి వచ్చింది. రాజకీయ కారణం అది. కంటి కారణం ఇంకొకటుంది. మన ఊళ్లల్లో చుట్టూ ఉండేది ఎర్రమట్టి, ఇటుక, ఎండిన గడ్డి. అంటే ఎరుపూ పసుపూ కలిసిన వెచ్చని రంగులు. నీలం సరిగ్గా వాటికి ఎదుటి రంగు. వేసవిలో, ఏప్రిల్ 14 నాటికి, పచ్చదనం లేని ఊళ్లో అంతకన్నా కొట్టొచ్చినట్టు కనిపించే రంగు లేదు. ఒక్క ఇబ్బందుంది. నీలి గోడ ముందు, లేదా నీలిరంగు గద్దె మీద, నీలికోటు విగ్రహం పెడితే రూపం కలిసిపోతుంది. ప్రేమకొద్దీ అన్నింటికీ నీలమే వేస్తాం. గద్దెకు తెల్లసున్నం చాలు, విగ్రహం లేచి నిలబడుతుంది.

ఇక సూత్రాలు. సమతూకం అనగానే రెండు పక్కలా ఒకటే ఉండాలని అనుకుంటారు. ముగ్గు అట్లాంటిదే, మధ్యలో మడిస్తే రెండు సగాలూ కలుస్తాయి. దొరల వాకిళ్లు ఊడ్చి సానుపు చల్లిన మన తల్లులకు ఆ లెక్క బాగా తెలుసు. కాని రెండో రకం సమతూకం ఉంది, దానికి డప్పును మించిన ఉదాహరణ మాకు కనపడలేదు. డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతిలో సిర్ర, పొట్టిగా లావుగా ఉంటుంది. ఎడమచేతిలో సిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా ఉంటుంది. రెండూ ఒకటే అయితే దరువు పుట్టదు. బరువు ఒకవైపు, పొడవు ఇంకోవైపు, కలిసి నిలబడతాయి. పోస్టరులో కూడా ఒకవైపు పెద్ద మొహం, రెండోవైపు చాలా ఖాళీ వదిలి చిన్న అక్షరాలు పెట్టి చూడండి. ఆ ఖాళీ సిటికెన పుల్ల పని చేస్తుంది.

డప్పు తోలును చట్రానికి అతికించేది చింతగింజల అంబలి. చేర్యాల నకాశీలు పటం వేసే గుడ్డకు పూసే పూతలోనూ చింతగింజల అంబలే ఉంటుంది, గంజీ సుద్దా కలిపి. ఒకే జిగురు మీద వాద్యమూ బొమ్మా రెండూ నిలబడ్డాయి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి పటాల్లో వెనక తలం నిండా ఎరుపు. మనుషులు పక్కమొహంతో వరుసగా ఉంటారు, పూలబద్దెతో ఒక వరుసకూ ఇంకో వరుసకూ హద్దు. దూరం దగ్గర అన్న తేడా చూపించే పద్ధతి అందులో ఉండదు. అందుకే కొందరు దాన్ని 'అమాయకమైన' కళ అంటారు. అది అమాయకం కాదు. రాత్రిపూట దీపం వెలుగులో, దూరంగా కూర్చున్న జనానికి, కథకుడు పుల్లతో చూపిస్తుంటే కనపడాల్సిన బొమ్మ అది. దానికి నేపథ్యం చదునుగా, గీత గట్టిగా, రంగు నిండుగా ఉండాలి. ఎవరు ముఖ్యులో వాళ్లు పెద్దగా ఉండాలి. పుస్తకాల్లో దీన్నే ప్రాధాన్యం అంటారు.

ముఖ్యులెవరన్నది కథ ఎవరిదో దాన్ని బట్టి మారుతుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, రజకులకు మడేల్ పురాణం. మాదిగలకు జాంబపురాణం, దాన్ని చెప్పేది డక్కలివాళ్లు. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడంటుంది ఆ కథ. బడి పుస్తకంలో బ్రహ్మ నోటినుంచీ పాదాలనుంచీ మనుషుల్ని పుట్టించి ఎవరిని ఎక్కడ పెట్టారో మనకు తెలుసు. పటం ఆ కొలతను తిరగేసింది. మన పూర్వీకుణ్ణి నడిమధ్య నిలబెట్టింది. పటం పాతబడితే దాన్ని నీళ్లల్లో కలిపి కొత్తది వేయించుకునే ఆచారం ఉండేది. సినిమా వచ్చి, టీవీ వచ్చి, కథ చెప్పించేవాళ్లు తగ్గాక వేయించుకోవడమూ తగ్గింది. ఇప్పుడు చేర్యాలలో ఎక్కువగా తయారయ్యేవి గోడకు పెట్టుకునే చిన్న బొమ్మలు, ముసుగులు, రామాయణ ఘట్టాలు. కొనేవాళ్ల ఇళ్లల్లో జాంబవుడికి గోడ లేదు. దానికి నకాశీలను తప్పుపట్టి లాభం లేదు, వాళ్లూ బతకాలి.

తప్పు మాట్లాడుకోవాల్సింది మన దగ్గర. మనల్ని పటం నడుమ కూర్చోబెట్టిన డక్కలివాళ్లను మన వాడలో ఎక్కడ కూర్చోబెట్టాం? ఇళ్లల్లోకి రానివ్వలేదు, వాడకు అవతల గుడిసె వేసుకోమన్నాం. బాబాసాహెబ్ చెప్పిన మెట్లమెట్ల అసమానత మన మెట్టు దగ్గర ఆగలేదు. ప్రాధాన్యం అన్న పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి దాటేస్తే ఆ పాఠం అబద్ధమవుతుంది.

ఈ ప్రాధాన్యానికే డిజైన్ చదివినవాళ్లు ఇంకో మాట వాడతారు, హైరార్కీ అని. పేజీలో ఏది ముందు కనపడాలి, ఏది తర్వాత అన్న క్రమం. ఆ మాట వినగానే మా తరగతిలో ఒక తమ్ముడు లేచి "అన్నా, మనం పోగొట్టాలనేది దాన్నే గదా" అన్నాడు. అందరూ నవ్వారు గాని ప్రశ్న గట్టిది. మేం వేయించిన ఒక సభ పోస్టరు వాళ్ల ముందు పరిచాం. ఎవరూ నొచ్చుకోగూడదని పద్నాలుగు ఫోటోలు ఒకే సైజులో, పేర్లన్నీ ఒకే అక్షరాల్లో. తేదీ ఎక్కడుందో వెతకడానికి మాకే కొంతసేపు పట్టింది. ఆ సభకు జనం రాలేదు. వాళ్లు రాకపోవడానికి ఇంకా కారణాలుండొచ్చు, ఇది మాత్రం ఒకటి. సమాజంలో మెట్టు పుట్టుకతో వస్తుంది, మారదు. పేజీలో పెద్ద అక్షరం అవసరంతో వస్తుంది, రేపటి పోస్టరులో మారుతుంది. సభ పోస్టరులో తేదీ, చోటు పెద్దవి. సంస్మరణ పోస్టరులో చనిపోయినవాళ్ల మొహం పెద్దది. నాయకుడి ఫోటో ఎప్పుడూ పెద్దగానే ఉంటే అది అవసరం కాదు, కులంలాగే పాతుకుపోయిన అలవాటు. ఈ మాటన్నందుకు మాకు రెండు కమిటీల్లో శత్రువులు తయారయ్యారు.

చివరగా కొలత. మొదట చెప్పిన విగ్రహం దగ్గరికి మళ్లీ పోదాం. ఈ మధ్య ఒక ఊరివాళ్లు పిలిస్తే టేపు తీసుకొని పోయాం. ఆరడుగుల విగ్రహం తెచ్చారు, పదడుగుల గద్దె కట్టాలనుకుంటున్నారు. పక్క ఊళ్లో అట్లాగే కట్టారు, పోయి చూపించాం. దగ్గరగా నిలబడి తలెత్తితే ముందు బూట్లు, తర్వాత పుస్తకం అడుగు భాగం, పైన గడ్డం. మొహం దాదాపు లేదు. తల చిన్నదై, కాళ్లు పెద్దవైపోయాయి. మనిషి కన్ను నేలకు ఐదడుగుల ఎత్తున ఉంటుంది. దానికి ఎంత పైన పెడితే అంతగా పైభాగం కుంచించుకుపోయి కనిపిస్తుంది. పెద్ద ఎత్తుకు చేసే శిల్పులు ఇది తెలిసి తలను కొంత పెద్దది చేస్తారు. అచ్చు దుకాణంలో విగ్రహాలు తక్కువ ఎత్తు గద్దె కోసం పోసినవి, వాటిలో ఆ సవరణ ఉండదు. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం, విజయవాడలో 2024 జనవరిలో 81 అడుగుల పీఠం మీద నిలిపిన ఇంకో 125 అడుగుల విగ్రహం వేరే లెక్కవి. అవి దూరం నుంచి, నగరం మొత్తానికి కనపడటానికి చేసినవి. వాడ విగ్రహం పక్కన నిలబడి మాట్లాడుకోవడానికి. దాన్ని దీనితో కొలిస్తే రెండూ చెడతాయి.

నాలుగడుగుల గద్దె చాలన్నాం. అంతా విని ఒక పెద్దమ్మ అడిగింది: "బిడ్డా, మొకం కనవడాలె, నిజమే. మరి చెయ్యందే ఎత్తుల వెడితే చెప్పుల దండ చేరదా?"

మా దగ్గర సూత్రం ఉంది, జవాబు లేదు. 1997 జులై 11న ముంబైలోని రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసన తెలిపిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే పదిమంది చనిపోయారు. తమిళనాడులో ఎన్నో చోట్ల ఆయన విగ్రహం చుట్టూ ఇనుప బోను ఉంటుంది. బోను అంటే మొహానికి అడ్డంగా నిలువు గీతలు. వాటి వెనక ఎత్తిన చెయ్యి వేరే అర్థం ఇస్తుంది. గద్దె ఎత్తును నిర్ణయించేది కంటి లెక్క అని మేం పాఠం చెబుతున్నాం. మన ఊళ్లల్లో దాన్ని నిర్ణయిస్తున్నది భయం.

ఆ రాత్రి వాళ్లే ఒక దారి తీశారు. రోడ్డు మలుపులో అనుకున్న జాగా మార్చి, వాడ నడుమ పంపు దగ్గరికి తెచ్చారు. అక్కడైతే నాలుగు దిక్కులా ఇళ్లు, నీళ్లకొచ్చే ఆడవాళ్లు, రాత్రి వీధిదీపం. ఎత్తు చేసే కాపలా జనం చూపు చేస్తుందని వాళ్ల లెక్క. దాంతో ఊరివాళ్లకు కనపడే జాగా పోయిందని కుర్రవాళ్లు గొణిగారు, వాళ్ల మాటా నిజమే. గద్దె నాలుగున్నర అడుగుల దగ్గర ఆగింది. కూర్చోవడానికి మూడు మెట్లు, సున్నం తెలుపు. వేలు బడివైపు తిప్పారు.

పోయిన నెల మళ్లీ పోయాం. మెట్ల మీద పిల్లలు కూర్చొని చదువుకుంటున్నారు. గద్దె నాలుగు మూలలా ఇనుప కడ్డీలు దిగేందుకు గుంటలు మాత్రం వదిలిపెట్టి ఉన్నాయి. కడ్డీలు ఇంకా పెట్టలేదు. వాటిలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి.